వద్దన్న పిల్లనగ్రోవి

ప్లోవ్‌దివ్ ఆసుపత్రిలో, కాలిన కాలికి కట్టు మార్చడానికి నర్సు ఇవైలా వచ్చేసరికి దొన్కా ముసలమ్మ భయంతో గోడవైపు తిరిగి పడుకుంది.

"ఈ హెడ్‌ఫోన్లు పెట్టుకో మామ్మా. పాట వింటుంటే నొప్పి అంతగా తెలియదు."

"పాటలకి పుండు మానుతుందా ఏంటి? సరేలే, పిల్లనగ్రోవి ఉంటే పెట్టు."

కట్టు మార్చడం పూర్తయ్యేదాకా ఆమె ఒక్కసారీ అరవలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం ధారగా కారాయి.

"అంత నొప్పెట్టిందా మామ్మా?"

"లేదే తల్లీ, నిన్నటిలో సగం కూడా లేదు. అందుకే ఏడుపొస్తోంది."

"అదేంటి?"

"మా అమ్మా ఇలాగే పుండుతో మంచాన పడింది. కట్టు విప్పినప్పుడల్లా మా తమ్ముడు స్పాస్ పక్కన కూర్చుని పిల్లనగ్రోవి ఊదేవాడు. తల్లి చావుబతుకుల్లో ఉంటే నీకు పాటలేంట్రా, ఊరు నవ్వదా అని నేనే లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను."

"అమ్మేమంది?"

"వాణ్ని ఊదనివ్వవే అంది. పోయేదాకా రోజూ అడిగింది. ఆవిడ అరుస్తుంటే నేను వంటింట్లో తలుపేసుకుని కూర్చునేదాన్ని."

"నొప్పి తగ్గుతుందని అప్పుడు నీకేం తెలుసు మామ్మా?"

"నాకు తెలీదు, సరే. ఆవిడకి తెలుసు కదే. నోరు తెరిచి అడిగింది కదే."