పులికి జ్ఞాపకం తెప్పించిన పోలయ్య

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. మా పోలయ్య మామకు ఆ బాధ లేదు. అతికినా అతకకపోయినా ఆయన ఆడేస్తాడు, కావాలంటే వినేవాళ్లం మేమే అతికించుకుంటాం. అప్పట్లో మా రాచర్ల పల్లెలన్నీ కర్నూలు జిల్లా కింద ఉండేవి. కోతలకు కూడా ఒక కలెక్టరును వేయాల్సి వస్తే మామను తప్ప ఇంకొకరిని వేయరని మా ఓబులయ్య అనేవాడు.

అలాంటి మనిషి ఆ ఏడు ఎండాకాలం నుంచి నోరు విప్పలేదు. మా అత్త శ్రీశైలమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం దిగింది గాని, దానితో పాటే ఆమె జ్ఞాపకం కూడా పోయింది. గొర్రెలను చూసి ఎవరివి అనేది. కంభం నుంచి వైద్యుణ్ణి పిలిపించారు, తాయెత్తు కట్టించారు, ఏదీ పని చేయలేదు. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, కట్టుకున్న మొగుణ్ణి ‘అన్నా’ అని పిలవడం మొదలుపెట్టింది. “కూర్చో అన్నా, ఈ ఇంటాయన వస్తాడు” అని మర్యాదగా పీట వేసేది. ఊళ్లో కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మామ ముఖం చూసిన మాకు నవ్వు రాలేదు.

శ్రావణంలో ముసురు పట్టి గొర్రెలు దొడ్డి దాటని ఒక రోజు మామ మమ్మల్ని తన అరుగు మీదికి పిలిచాడు. నేను, ఓబులయ్య, నరసింహులు గొంగళ్లు కప్పుకుని పోయాం. అత్త గడప లోపల చేటలో కందులు ఏరుకుంటూ ఉంది. మామ గొంతు తగ్గించి, “పాత మాటలు ఆమె చెవిన పడాల. ఏ మాట తగిలి ఏది గుర్తుకొస్తుందో ఎవరికి తెలుసు? మీరు ఊఁ కొట్టండి చాలు,” అన్నాడు. ఆ తర్వాత ఉన్ని వడికే కదురు తిప్పుతూ గొంతు పెంచాడు.

“జ్ఞాపకానికి మందు లేదన్నోడు ఎవడు? నన్నడగమనండి! నాకు పెండ్లి కుదిరినప్పుడు, అప్పటికింకా నాకు మీసం కూడా సరిగా రాలే, మా నాయన పిలిచి, ఒరే పోలా, గిద్దలూరు పోయి పెండ్లి సామాను తీసుకుని అట్నుంచి అట్లే పెండ్లికూతురి ఊరికి రా, మేము బండ్లలో ముందు పోతాం అని చెప్పి, ఊపిరి తిప్పుకోకుండా సామాను పేర్లన్నీ ఏకరువు పెట్టినాడు. నాకా, చదువు రాదు. మతిమరుపా, నాకంటే ముందే పుట్టింది. అప్పుడొక ఉపాయం చేసినా. ఆ సామానంతా నా ఒంటి మీదనే తలా ఒక చోట తగిలించినా.”

“కొనకముందే ఎట్ల తగిలిస్తివి మామా?” అన్నాడు ఓబులయ్య.

“మనసులోరా, పిచ్చోడా! నెత్తి మీద ఉప్పు మూట. ఊరికే మూట అనుకుంటే నిలవదు. వాన పడి ఆ ఉప్పంతా కరిగి కండ్లల్లోకి కారుతాంది, నేను మంటకు గంతులేస్తాండా, అట్ల అనుకోవాల. చెవులో బెల్లం గడ్డ, దాని కోసం చీమలు బారు కట్టినాయి. మీసం మీద సాంబ్రాణి పొగ...”

“మీసం రాలేదంటివే?”

“సాంబ్రాణి కోసం మొలిపించినా, నీకేంది నష్టం? భుజం మీద తమలపాకుల కట్ట, దాన్ని మేకపోతు నములుతాంది. చేతులకు మోచేతుల దాకా గాజులు, గలగలమంటా నడిబజార్లో పోతాండా. కాలివేళ్లకు మెట్టెలు, సిగ్గుతో వేళ్లు ముడుచుకుంటాండా. నవ్వొచ్చిన మాట మనసులోంచి పోదురా నాయనా, అదే కిటుకు. ఒక దాన్ని ఇంకోదానికి ముడేస్తే, ఒకటి లాగితే ఇంకోటి దాని వెంట రావాల్సిందే.”

నరసింహులు అప్పుడే కళ్లు మూసుకుని నెత్తి తడుముకుంటున్నాడు. మామ ఓరగా గడప వైపు చూశాడు. అత్త కందుల్లో రాయి ఏరి బయటికి విసిరింది, అంతే.

“దుకాణంలో శెట్టి చీటీ ఏదిరా అన్నాడు. నేను నెత్తి నుంచి కాలివేళ్ల దాకా ఒకసారి దిగినా, కాలివేళ్ల నుంచి నెత్తి దాకా ఇంకోసారి ఎక్కినా. శెట్టి తక్కెడ కింద పెట్టి దండం పెట్టినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూట నెత్తికెత్తుకుని సగిలేటి ఒడ్డుకు వస్తే, మూడూళ్ల మందలు వానకు బెదిరి ఒకటే మందగా కలిసిపోయినాయి. కాపరులు కట్టెలు పట్టుకుని కొట్టుకుంటాండారు. నేను పొద్దున పోతా పోతా ఆ గొర్రెలను ఒక్కసారి చూసినా, అంతే. చూసినప్పుడే ఒక్కోదానికి ఒక్కో చుట్టం ముఖం ముడేసినా. ఇది మా మేనత్త మూతి, ఇది మా కరణం నడక, ఇది అప్పడిగేటప్పుడు మా బావ చూసే చూపు. ‘అత్తా, నువ్విట్ల రా, బావా, నువ్వట్ల పో’ అంటే చాలు, ఏ ఊరి గొర్రె ఆ ఊరి దిక్కు నడిచింది. కడుపులో ఉన్న పిల్లలు సైతం ఏ ఊరివో చెప్పినా.”

“అవి కూడా చూసినావా పెదనాయనా?” అన్నాడు నరసింహులు. వాడు నిజంగానే అడిగాడు.

“తల్లి ముఖం తెలిస్తే పిల్ల ముఖం తెలీదంట్రా? విను. అక్కడి నుంచి రైలు గేటు కాడికి వస్తే, రైలు నిలబడిపోయి ఉంది. జనం కిందికి దిగి మొత్తుకుంటాండారు. ఏందయ్యా అంటే, ఇంజను నడిపే దొర దొనకొండకు దారి మరిచిపోయినాడు.”

ఓబులయ్య ఇక ఆపుకోలేకపోయాడు. “రైలుకు దారి మరిచేదేంది మామా? పట్టాల మీదనే కదా పోయేది!”

“నేనూ అదే అడిగినా! దొర తల గోక్కుని, అది కూడా మరిచిపోయినా పోలయ్యా అన్నాడు. అప్పుడు నేను ఇంజను ఎక్కి, ప్రతి స్టేషనుకూ ఒక వాసన ముడేసి చెప్పినా. చేపల వాసన వస్తే కంభం చెరువు, పలకల దుమ్ము ముక్కుకు తగిలితే మార్కాపురం, అట్ల అట్ల దొనకొండ దాకా. ఆనాటి నుంచి ఆ దొర కండ్లు మూసుకునే రైలు నడిపినాడంట.”

మేము పడి పడి నవ్వాం. నవ్వుతూనే గడప వైపు చూశాం. అత్త కూడా నవ్వింది, కొత్త ఊరికి వచ్చిన చుట్టం నవ్వినట్టు. “బాగా చెప్తాడు ఈయన్న,” అంది.

మామ చేతిలో కదురు ఆగింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆయన గొంతు కొంచెం మారింది.

“ఆ తర్వాత అడవి అంచున పులి కనపడింది. భయపడొద్దండి, అది నన్ను తినే పులి కాదు. దారిలో కూర్చుని దిక్కులు చూస్తాంది. దానికి ఏమీ గుర్తు లేదు. తన గుహ ఏదో, తన అడవి ఏదో తెలీదు. దాని జోడు పులి వచ్చి ఎదురుగా నిలబడింది. ఎన్నేండ్లు కలిసి తిరిగినాయో, ఎన్ని వానలకు ఒక బండ కింద తడిసినాయో. అయినా ఇది దాన్ని పరాయిదాన్ని చూసినట్టు చూస్తాంది. ఆ జోడు పులి అరవలే, కరవలే. పక్కన కూర్చుంది పాపం.”

ఎవరికి చెబుతున్నాడో మాకు తెలుసు.

“నేను పోయి ఆ మరిచిన పులి తల నిమిరినా. ఏమీ పోలేదమ్మా, అన్నీ లోపలే ఉన్నాయి, ముళ్లు వదులైనాయి, అంతే అని చెప్పినా. ఒక్క కొస దొరకబుచ్చుకో, మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి. తొందరేమీ లేదు, దొరికిందాకా మేము ఈడ్నే కూర్చుంటాం అంటి.” మామ గట్టిగా దగ్గి, తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకున్నాడు. “అంతే! పులికి అంతా గుర్తొచ్చింది. ఆ సంతోషంలో నన్ను వీపు మీద ఎక్కించుకుని, రెండోది మూట నోట కరుచుకుని, తిన్నగా పెండ్లి పందిట్లో దించినాయి. మా మామ నోరు తెరిచినోడు తెరిచినట్టే నిలబడినాడు. సామాను విప్పి చూస్తే నెత్తి మీది ఉప్పు నుంచి కాలివేళ్ల మెట్టెల దాకా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తక్కువ లే!”

“మరి తాళి ఏది?”

ఆ మాట అన్నది ఓబులయ్య కాదు, నేను కాదు. గడప లోపలి నుంచి వచ్చింది.

“ఏం తాళి?” అన్నాడు మామ.

“ఏం తాళా? నెత్తిన తగిలించినావు, చెవులో తగిలించినావు, మెడ ఒకటి ఉందని మరిచినావు. తాళి గిద్దలూరు కంసాలి దగ్గరే పెట్టి వచ్చినావు. పీటల మీద కూర్చుని తలగుడ్డ తడుముకుంటివి, మొల తడుముకుంటివి. మా నాయన కట్టె అందుకున్నాడు. మా అమ్మ అడ్డం పడి, పసుపు కొమ్ము దారానికి కట్టి నీ చేతికిచ్చింది. నేను తలొంచుకుని నవ్వుకుంటాంటే అందరూ పిల్ల ఏడుస్తాంది అనుకున్నారు. పులంట, పులి! మా ఊరి కుక్క మొరిగితే పందిరి గుంజ ఎక్కిన మొనగాడు!”

చేట పక్కకు జరిగి కందులు నేల మీద పడ్డాయి. ఎవరమూ ఏరలేదు. ఓబులయ్య మెల్లగా, దడుస్తూ అడిగాడు. “అత్తా, తాళి మరిచిపోయిన ఆ పెండ్లికొడుకు ఎవరు?”

అత్త వాణ్ణి ఎగాదిగా చూసింది. “ఎవరేందిరా ఓబులయ్యా, కండ్లు పోయినాయా? ఇదో, ఎదురుగా కూర్చోలే? మొగుని పేరు నా నోటితోనే చెప్పించాలనా?” మామ వైపు తిరిగింది. “ఏమయ్యో, వానలో పిల్లోళ్లను పిలిచి కూర్చోబెట్టి ఇంత అంబలన్నా పోయించినావా, వట్టి కోతలతోనే కడుపులు నింపుతాండావా?”

పోలయ్య మామ పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధాన్నీ ఒప్పుకుని ఎరగడు. ఆ రోజు అన్నీ ఒక్కసారే ఒప్పుకున్నాడు. “అవునే శ్రీశైలమ్మా, తాళి మరిచిపోయినా. పులీ లేదు, రైలూ లేదు, మందలూ లేవు. అంతా అబద్ధమే. ఇంకా తిట్టు, నీ పుణ్యముంటుంది,” అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అత్త తిట్టింది కూడా, ఆగకుండా, కడుపునిండా.

రేపు మళ్లీ ‘అన్నా’ అంటుందేమో మాకెవరికీ తెలియదు. మామకు ఆ ధ్యాసే లేదు. గొంగళి కూడా కప్పుకోకుండా ముసురులోకి పరుగెత్తాడు. ఒక్కో ఇంటి ముందర నిలబడి, “మా ఇంటిది నన్ను గుర్తుపట్టిందహో, నన్ను అబద్ధాలకోరన్నదహో!” అని కేకలు పెట్టాడు. ఒక్కరూ నమ్మలేదు. “సరేలే పోలయ్యా, మళ్లీ మొదలుపెట్టినావా,” అని నవ్వి తలుపులు వేసుకున్నారు. చివరికి మేము ముగ్గురం తడుస్తూ ఆయన వెంట నడిచి, ప్రతి గడప దగ్గరా ఒట్టేసి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.