సుమార్జో కనిపెట్టిన చోటు

జావా దీవి రేవుపట్నం సెమరాంగ్‌లో పెద్దాసుపత్రి గేటు పక్కన ముర్సిని కాఫీ బండి దగ్గర సాయంత్రం ఎంతమంది చేరినా మాట మాత్రం ఒక్కడిదే, రిక్షా సుమార్జోది. పక్కనే బల్ల మీద అతని కూతురు వెనింగ్ ఒళ్లో ఆపరేషన్ కాగితం పెట్టుకుని కూర్చుంది. తెల్లారితే ఆపరేషన్. సంతకం పెట్టాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అటు చూసినప్పుడల్లా ఆమెకి గుండె గాలిపటంలా దారం తెంచుకుంటోంది.

"మా అమ్మాయికి పదకొండేళ్లుగా మూర్ఛ కదా! తలలో అది ఎక్కడ పుడుతోందో తెలిస్తేగానీ కత్తి పెట్టరు. తలంతా వైర్లు అంటించి, మందులు తగ్గించి, ఎదురుగా కెమెరా పెట్టి, మూర్ఛ రాగానే నొక్కమని బజర్ నా చేతికిచ్చారు. నేనుండబట్టి సరిపోయింది" అన్నాడు సుమార్జో.

"బజర్ నొక్కడం కూడా గొప్పేనా అన్నా?" అన్నాడు తోటి రిక్షావాడు దార్సో.

"నొక్కడమేంట్రా, గీతలు చదివాను! తెర మీద గీతలు నిద్రపోయే సముద్రంలా సన్నగా పోతున్నాయి. మూడోరోజు ఎడమ చెవి వెనక గీత ఒకటి తోక విదిల్చింది. 'అదుగో' అన్నాను. డాక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుని 'నాకు కనపళ్లేదండీ సుమార్జోగారూ' అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పన్నా, మూకుట్లో సోయా టెంపే మాడిపోతోంది" అంది ముర్సిని, గరిటె గాల్లోనే ఉంచి.

"ఆ గీత తెర పట్టక గోడెక్కింది. గోడా చాలక కిటికీలోంచి బయటపడింది! ఆ మెరుపుకి రేవులో ఓడలు దీపస్తంభమనుకుని ఆసుపత్రి వైపు తిరిగాయి. మెరాపి అగ్నికొండని కాపలా కాసే ఆఫీసోళ్లు ఫోను చేశారు, 'మా గీతలూ ఎగురుతున్నాయి, కొండ బద్దలవుతోందా' అని. నేనే తీసుకుని, 'కొండ కాదు బాబూ, మా అమ్మాయి ఎడమ చెవి వెనక చింతగింజంత చోటు. దొరికింది, పడుకోండి' అన్నాను."

వెనింగ్ నవ్వింది. "నాన్నా, పొద్దున నర్సు ఆ వీడియో నాకు చూపించింది."

సుమార్జో చేతిలో గ్లాసు ఆగింది.

"మొదటి మూర్ఛ సగం దండగైంది దార్సో బాబాయ్. చెయ్యి ఎటు వంకర తిరిగిందో డాక్టరు చూడాలి కదా? తెర నిండా నాన్న వీపే! బజర్ మంచం కింద. భుజం మీది లుంగీ పరదాలా పరిచి, కెమెరాకి అడ్డంగా నిలబడ్డాడు. ఇంకో మూర్ఛ కోసం రెండ్రోజులు కాశారు, నాన్నని బయట పెట్టి తలుపేసి. చోటు దొరికింది అప్పుడు."

దార్సో పగలబడి నవ్వబోయి ఆగిపోయాడు. ఆ లుంగీ అతనికి తెలుసు. సంతలో వెనింగ్ పడిపోతే జనం చుట్టూ మూగేవాళ్లు, నోటి నురగ తగిలితే అంటుకుంటుందని అంతలోనే వెనక్కి జరిగేవాళ్లు. సుమార్జో ఒక్కడే ఆ లుంగీ పరిచి కూతుర్ని కళ్లన్నిటికీ దాచేవాడు. దాని అంచుతోనే మూతి తుడిచేవాడు. పదకొండేళ్ల అలవాటు, కెమెరా కూడా కన్నే అనుకున్నాడు.

వెనింగ్ ముర్సిని దగ్గర పెన్ను తీసుకుంది.

"రేపు కూడా బయటే ఉండాలి నాన్నా. అక్కడ అడ్డం నిలబడనివ్వరు."

తలూపాడు. ఆమె సంతకం పెట్టింది, వంకరగా, నిదానంగా.

సుమార్జో భుజం మీది లుంగీ సర్దుకుని, "అమ్మడూ, వీపు సరిగ్గా పడిందా?" అన్నాడు.

"తెర పట్టలేదు నాన్నా."