గన్నియ్య చక్రాల గది

నూకరత్నానికి ఆ చక్రాల గది చూసిన రోజే నచ్చలేదంట. ఎవరా నూకరత్నం అంటారేమో, జీళ్ళు ఒండే గన్నియ్య లేడూ, ఆడి పెళ్ళాం. జగ్గంపేట అవతల ఆళ్ళది. ఎక్కడ జాతరైతే అక్కడికి కళాయీ, బెల్లం బస్తాలూ, నువ్వులూ పికప్ బండి మీద ఎత్తుకుని ఎళ్ళిపోయేవోళ్ళు మొగుడూ పెళ్ళాం. బండి పక్కనే వంట, బండి కిందే పడక. వానొస్తే టార్పాలిన్ కిందకి దూరటం. అలాగే గడిచిపోయేదనుకో. ఏమైందంటే, గన్నియ్య తల్లి మరిడమ్మకి పక్షవాతం ఒచ్చి ఓ కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట కూడా ముద్దముద్దగా ఒచ్చేది, నూకరత్నానికి తప్ప ఇంకోళ్ళకి అర్థమయ్యేది కాదు. ఒదిలేసి ఎళ్దామంటే చూసేవోళ్ళు లేరు. తీసికెళ్దామంటే ఆ జనంలో, ఆ దుమ్ములో ముసల్దాన్ని ఎక్కడ పడుకోబెడతారు? గన్నియ్య ఆలోచించి ఆలోచించి, వెల్డింగు చేసే కాసులు దగ్గరికి పోయి, పాత ట్రక్కు చక్రాల మీద రేకులతో ఓ గది కట్టించాడంట. దానికో కిటికీ, వెనకాల తలుపు, లోపల ఓ నవారు మంచం. దాన్ని పికప్పు వెనకాల తగిలించుకుని పోవటమే. అమ్మ మంచం మీద పడుకుని ఊళ్ళన్నీ చూస్తా ఒస్తదని ఆడి సంబరం. మంచి ఆలోచనే, కాదనేవోడెవడు? నూకరత్నం మాత్రం ఆ గదికీ బండికీ మధ్యనున్న కొక్కెం కేసే చూస్తా నిలబడిందంట. ఇంత గదిని అంత కొక్కెం ఆపుద్దా అని అడిగితే, ఇనుమే కదే అన్నాడంట గన్నియ్య.

సరే, ఓ పొద్దున్న సామానంతా ఎక్కించి, ఓసారి నడిపి చూద్దామని ఏలేరు కాలవ గట్టు మీదకి తీశారంట. కళాయీ, బస్తాలూ, పొయ్యీ అన్నీ తలుపు దగ్గరే, గదికి వెనకాలే పేర్చాడు గన్నియ్య, దించుకోటానికి సులువని. మరిడమ్మని మంచం మీద పడుకోబెట్టారు. నూకరత్నం ముందు సీట్లో కూర్చుందన్న మాటే గానీ ప్రాణమంతా వెనకాలే ఉంది. అద్దంలో చూస్తే గది రేకే కనపడతంది, దాని వెనకాల ఏముందో తెలీదు. గట్టు ఎగువకెక్కినంతసేపూ బాగానే ఉంది. వంతెన దాటి పల్లానికి దిగేసరికి, ఏమైందో ఏమో, గది అటూ ఇటూ ఊగటం మొదలెట్టిందంట. ముందు కొంచెంగా, తరవాత తరవాత బర్రె తోకాడించినట్టు. ఊగిన ఊపుకల్లా ముందున్న బండి వెనకభాగం కూడా పక్కకి జరుగుతంది. గన్నియ్య బెదిరి బ్రేకు తొక్కాడు. తొక్కితే ఇంకా ఎక్కువైంది. ఓ పక్కన కాలవ, నిండుగా నీళ్ళు. నూకరత్నం ఆడి భుజం పట్టుకుని గుంజతందంట. ఆఖరికి ఆడి కాలే జారిందో, దేవుడే తీయించాడో, బ్రేకు మీంచి కాలు తీసేశాడు. బండి దాని మానాన అది నెమ్మదించి, నెమ్మదించి, గది చక్రం ఒకటి గట్టు అంచుకెళ్ళి ఆగింది.

నూకరత్నం పరిగెత్తుకెళ్ళి తలుపు తీసింది. మంచం మీద మనిషి లేదు. మంచం కింద ఉంది, బాగున్న చేత్తో మంచంకోడు పట్టుకుని. నుదురు కొట్టుకుని చిట్లింది. ఏడవటం లేదంట మరిడమ్మ, కోపంగా ఏదో అంటంది. నూకరత్నం చెవి దగ్గర పెట్టి విని మొగుడికి చెప్పింది. ఏమందనుకున్నారు? తూగు చూసుకోకుండా బండి కట్టేవోడు నా కడుపున ఎలా పుట్టాడే, అందంట. మొగుడు పోయాక ఎద్దుబండి తనే తోలి కొడుకుని పెంచిన మనిషి కదా మరి. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు పట్టేస్తది, మీరెరగందేముంది. ఇక్కడ ఎద్దులు లేవు కాబట్టి చెప్పేవోళ్ళు లేరు, అంతే తేడా.

ఆ పూటే సామానంతా దింపి మళ్ళీ సర్దారంట. బరువైనవి చక్రాలకి కొంచెం ముందుకి, కిందకి. తేలికవి వెనక్కి. అంతకుముందు, బండి కొక్కేనికి తగిలించే గది ముందు కడ్డీని గన్నియ్య ఒంటిచేత్తో లేపేసేవోడు, ఇప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మూలిగితే గానీ లేవలేదు. అలాగని బండి వెనకభాగం కుంగిపోకుండా కూడా చూసుకున్నారు. కాసులు దగ్గరికెళ్ళి లావుపాటి కొక్కెం వేయించి, వెనకాల ఎర్ర దీపాలు పెట్టించి, పక్కకి పొడుచుకొచ్చే పెద్ద అద్దాలు బిగించారు. నూకరత్నం అక్కడితో ఊరుకోలేదు. కొక్కెం ఊడితే ఎలా అని కాసుల్ని పీక్కుతింది. ఊడదమ్మా అంటాడు కాసులు. ఊడితేనో అంటది ఈవిడ. ఆడు విసిగిపోయి రెండు గొలుసులు తెచ్చి, కొక్కెం కింద ఒకదాని మీదొకటి అడ్డంగా ఏసి, ఊడినా కడ్డీ నేలకి గుచ్చుకోకుండా ఈ గొలుసుల మీద పడుద్దిలే అన్నాడంట. అంతా అయ్యాక గన్నియ్య తల్లి పరుపు మళ్ళీ గదిలో పరుస్తున్నాడు. నూకరత్నం వాకిట్లో కూర్చుండిపోయింది.

"అత్త నా పక్కన ముందు సీట్లో కూర్చుంటేనే నేను బండెక్కేది. బండి ఆగాక గదిలో పడుకోబెట్టు, నడిచేటప్పుడు ఒద్దు."

"నడుం నిలవదే దానికి. అంత దూరం ఎలా కూర్చుంటది?"

"నా మీద ఆనుకుంటది."

గన్నియ్యకి కోపమొచ్చింది, అమ్మ కోసం కదా ఇంత చేసిందని. కానీ వినక చస్తాడా.

కొండ మీద జాతరకి బయలుదేరారంట. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు బానే ఎక్కింది. దిగుడులో గన్నియ్య పైనుంచే చిన్న గేరులో పెట్టి, మనిషి నడిచినంత నెమ్మదిగా దింపుతున్నాడు. మరిడమ్మ తల నూకరత్నం భుజమ్మీద ఉంది. ఓ కల్వర్టు దగ్గర గతుకులో బండి ఎగిరి పడింది. వెనకాల ఠంగుమని చప్పుడు. నూకరత్నం పెద్దద్దంలో చూస్తే గది ముందుభాగం కిందకి వాలిపోయింది. కొక్కెం ఊడొచ్చేసింది, గొలుసుల మీద వేలాడతంది గది. గన్నియ్య కాలు బ్రేకు మీదకి పోతంటే, బ్రేకు గట్టిగా తొక్కకయ్యా, మీదకొచ్చి గుద్దుద్ది, అందంట నూకరత్నం. ఆ గొంతు తనదేనా అనిపించిందంట తనకే. గన్నియ్య పళ్ళు బిగించి, తొక్కీ తొక్కనట్టు తొక్కుతా, కొండ వైపుకి ఒరుచుకుంటా బండిని పోనిచ్చాడు. గది వెనకనుంచి ఓసారి తగిలింది, ఇంకోసారి తగిలింది. బండి ఆగింది. నూకరత్నం దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టేదాకా ఆడు స్టీరింగు ఒదల్లేదు.

కొక్కేనికి అడ్డంగా వెయ్యాల్సిన చిన్న చీల వెయ్యలేదంట గన్నియ్య. పొద్దున్న తల్లికి సీట్లో దిళ్ళు సర్దే హడావుడిలో మర్చిపోయాడు. ఆ ఆలోచనలోనే పోయి గది తలుపు తీశాడు. తాళ్ళు తెగి బెల్లం బస్తాలు ముందుకొచ్చి మంచం మీద పడున్నాయి. మంచంకోళ్ళు రెండు విరిగాయి. సరిగ్గా తల పెట్టుకునే చోట బస్తా పగిలి, బెల్లం పరుపంతా పరుచుకుంది.  గన్నియ్య ఆ బస్తా ఒక్కటీ తీసి పక్కన పెట్టి, పరుపు దులిపి, దులిపిన చోటే కూలబడ్డాడు. నూకరత్నం ఆణ్ణి ఏం అనలేదు. అనటానికి ఎంతుందో మీరే చూసుకోండి, అయినా అనలేదు. వీపు మీద చెయ్యేసి, అత్త ఒక్కతీ ఉంది బండిలో, పద, అందంట.

కొక్కెం మళ్ళీ తగిలించి, చీల ఏసుకుని ఎళ్ళారు జాతరకి. జీళ్ళూ ఒండారు. తిరిగొచ్చాక గది చక్రాలకి కూడా బ్రేకులు పెట్టించాడు గన్నియ్య, బస్తాలకి ఇనప కమ్మీలు అడ్డం కొట్టించాడు. ఇప్పటికీ ఆ బండి కదలాలంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దిగి, చీలా గొలుసూ చేత్తో తడిమి చూసొస్తారంట. ఒచ్చి కూర్చున్నాక మరిడమ్మ, చూశారా అని అడుగుద్ది. చూశామంటారు. నిజంగా చూశారా అంటది. గన్నియ్య విసుక్కుంటాడు, విసుక్కుంటానే మళ్ళీ దిగుతాడు. అందుకే ఏ జాతరకైనా ఆళ్ళ కొట్టు అందరికంటే ఆఖర్న తెరుస్తారు. మీరెప్పుడైనా ఎళ్తే కొంచెం ఆగండి, ఒస్తారు ఆళ్ళు.