తిలోత్తమ్మ హస్తవాసి

మాలకొండమ్మకి ఆస్పత్రుల మీద నమ్మకం లేదంట, చేతుల మీద నమ్మకం. ఆస్పత్రి ఎంత పెద్దదైనా గోడలు పురుడు పోయవు గదా, పోసేది చెయ్యే గదా అనేదంట. అట్టా అనడానికి ఆమెకి హక్కుంది లెండి. ఎందుకంటే ఆమె కూతురు నాగజ్యోతి కడుపులో ఎదురుకాళ్లతో ఉంటే, ఇంట్లోవాళ్లు ఆశ వదిలేసుకుంటే, కనిగిరి సర్కారు ఆస్పత్రిలో తిలోత్తమ్మ అనే డాక్టరమ్మ చెయ్యి పెట్టి తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ దక్కించింది. ఆ తర్వాత ఆ డాక్టరమ్మ హైదరాబాదు వెళ్లిపోయిందని విన్నారు, అంతే, మళ్లా చూసిందీ లేదు, కలిసిందీ లేదు. మాలకొండమ్మ మాత్రం మర్చిపోలేదు. పొలానికి పోయినా అదే మాట, నీళ్లకి పోయినా అదే మాట. హస్తవాసంటే ఆమెదేనే, ఆమె చెయ్యి తగిలితే చాలే, అని. వినేవాళ్లకి విసుగే గానీ ఆమెకి విసుగు లేదనుకో.

జ్యోతిని పెంచలప్రసాదని హైదరాబాదులో లిఫ్టులు బాగుచేసే పిల్లోడికి ఇచ్చారు. పిల్లోడు మంచోడే. మొదటి కాన్పు పుట్టింటివాళ్లే చెయ్యాలి గదా, మాలకొండమ్మ కూతుర్ని తీసుకొచ్చుకుంది. పక్క టౌన్లో కొత్త ఆస్పత్రి పెట్టినారు, బాగుందంటే అక్కడ చేర్చింది. ఏమైందంటే, బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. మిరపకాయల తొడిమలు తియ్యండే, చేతులాపబాకండి, ఆ సంగతి ఇంక నేను చెప్పను. చెప్పినా మీరు వినలేరు. ఆ పిల్ల మూడంకె వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటే తల్లి ఇవతల కూర్చుని ఏమని ఓదారుస్తుంది చెప్పండి. ఆస్పత్రి చూసింది తనే గదా.

మళ్లా జ్యోతి నీళ్లోసుకుంది. ఈసారి కాన్పు మా దగ్గరే, హైదరాబాదులోనే అన్నారు అత్తగారు. ఆమె పేరు రవణమ్మ. నోరు కాస్త గట్టిది. మాలకొండమ్మ వేరుశనక్కాయల సంచి నెత్తిన పెట్టుకుని హైదరాబాదులో బస్సు దిగి, ఏ ఆస్పత్రిలో చూపిస్తున్నారు వదినా అని అడిగిందంట, అంతే. రవణమ్మ సంచి అందుకుని, మీరు చూసిన ఆస్పత్రి ఒకసారి చూశాం గదా వదినా, ఈసారి మమ్మల్ని చూడనియ్యండి, అందంట. సంచి దించినంత తేలిగ్గా అనేసింది. మాలకొండమ్మ లోపలికి పోయి కూతురి తలకి నూనె పెట్టింది.

అల్లుడు మాత్రం, అత్తయ్యా మీరూ రండి, అందరం కలిసే చూద్దాం అన్నాడంట. చూశారు. ఒకటి వాళ్ల సందు చివరే ఉంది, కింద మందుల షాపు, పైన ఆస్పత్రి, మెట్లు ఎంత ఇరుకంటే నిండు గర్భిణి ఎక్కితే ఎదురొచ్చేవాళ్లు గోడకి అతుక్కోవాల. ఇంకోటి పెళ్లికూతురి మేడలాగా ఉందంట. అద్దాల్లో చేపలు, కాళ్ల కింద జారే రాళ్లు, కుర్చీలో కూర్చోగానే ఒక పిల్ల కొబ్బరినీళ్లు తెచ్చిచ్చింది. ఇంకో పిల్ల రంగురంగుల కాయితాలు పరిచి, వెండి ప్యాకేజీ అయితే ఈ గది, బంగారం ప్యాకేజీ అయితే ఆ గది, బంగారంలో పుట్టిన బిడ్డకి ఫోటోలు కూడా మేమే తీస్తాం అని చెప్తా ఉంది. మాలకొండమ్మ అంతా విని, పురుడు పోసేదెవరమ్మా అని అడిగిందంట. ఆ పిల్ల నవ్వి, మాకు టీమ్ ఉంటుందండీ అంది. టీమ్ సరేనమ్మా, కబడ్డీ ఆడతారా ఏంది, చెయ్యి పెట్టేదెవరు అని ఈమె. ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్లండీ అని ఆ పిల్ల. మాలకొండమ్మ కొబ్బరినీళ్లు సగంలో పెట్టేసి లేచిందంట. రవణమ్మకి ఆ చేపలు నచ్చినాయి, ఆమెకి లెయ్యబుద్ధి కాలేదు.

తిరిగి ఆటోలో వస్తా ఉన్నారు. ఒక పెద్ద వంతెన దిగుతానే మాలకొండమ్మ ఆటో ఆపు, ఆపు నాయనా అని డ్రైవరు భుజం పట్టుకుని ఊపేసిందంట. వాడు బెదిరిపోయి పక్కకి తీశాడు. ఏందమ్మా అంటే, ఈమె మాట్లాడదు, వేలు చూపిస్తా ఉంది. ఎదురుగా నాలుగంతస్తుల ఆస్పత్రి. దాని మొహాన నిలువెత్తు ఫోటో. తెల్లకోటు, నుదుట రూపాయంత బొట్టు, చెవులకి కమ్మలు. తిలోత్తమ్మ. ఆస్పత్రి పేరు కూడా ఆమె పేరే. మాలకొండమ్మ ఆటోలోంచి దిగి, నడిరోడ్డు మీదే ఆ ఫోటోకి దండం పెట్టిందంట. ఏం మారలేదే జ్యోతీ, నిన్ను నా చేతికిచ్చినప్పుడు ఎట్టా ఉందో అట్టనే ఉందే, జుట్టు కూడా నెరవలేదే, అని కూతురితో అంటా ఏడ్చింది. జ్యోతి కూడా ఏడ్చింది. పుట్టినప్పటి నుంచీ వింటా ఉన్న పేరాయె. బిడ్డ పోయిన తర్వాత ఆ పిల్ల మొహాన నవ్వు చూసింది ఆ రోజేనంట. అమ్మా, నేను ఈమె దగ్గరే కంటాను, ఇంకెవరు ముట్టుకున్నా కనను, అందంట. అది చూసిన తర్వాత రవణమ్మ కూడా ఇంక చేపల మాటెత్తలేదు.

లోపలికి పోతే అక్కడా ఫోటోలే. హాల్లో ఒకటి, మందులిచ్చే చోట ఒకటి, కాన్పు గదుల దారిలో ఒకటి. అన్నిట్లోనూ తిలోత్తమ్మ నవ్వుతా ఉంది. నెలనెలా చూపించుకోవడానికి పోతే ఎవరో చిన్నచిన్న డాక్టర్లు చూస్తా ఉన్నారు, మొహాలకి గుడ్డలు కట్టుకుని. పెద్దమ్మగారు ఎప్పుడొస్తారమ్మా అని మాలకొండమ్మ అడుగుతుంది. అంతా మేడమ్ పద్ధతిలోనే జరుగుతుందమ్మా అంటారు. కాన్పుకి వస్తుంది గదా అంటే, మేడమ్ ఆశీస్సులు ఎప్పుడూ ఉంటాయమ్మా అంటారు. అంత పెద్ద డాక్టరు ఊరికే వస్తుందా, కాన్పు వేళకి వస్తుందిలే అనుకుంది ఈమె. మీరైనా అట్టనే అనుకుంటారు, నేనైనా అట్టనే అనుకుంటాను. వాళ్లు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం ఉందేమో వెతకండి చూద్దాం. లేదు.

నొప్పులు మొదలైనాయి. పొద్దున్నే తీసుకుపోయి చేర్చారు. మాలకొండమ్మ సంచిలో డాక్టరమ్మ కోసం అరిసెలు కూడా పెట్టుకొచ్చింది, కొత్త చీర ఒకటి కూడా. మధ్యాహ్నమైంది. జ్యోతి లోపల నొప్పులు పడతానే ఉంది, తిలోత్తమ్మ రాలేదు. అడిగితే వస్తారు కూర్చోండి అంటారు. కూర్చుని కూర్చుని, ఇది కాదు, నేనే పోయి కాళ్లు పట్టుకుంటాను, నీ చేతిలో పుట్టిన పిల్లే తల్లీ ఇప్పుడు కంటా ఉంది అని చెప్తాను, అనుకుని సంచి తీసుకుని మెట్లెక్కింది. ఒక అంతస్తు చూసింది, గదులు. ఇంకో అంతస్తు చూసింది, గదులే. అన్నిటికన్నా పైన ఒక పెద్ద తలుపు, దగ్గరగా వేసి ఉంది. పెద్దోళ్లు ఎక్కడుంటారు, పైనే గదా. తోసింది.

లోపల ఎవరో ఆఫీసు మనిషి టేబులు మీద క్యారేజీ విప్పుకుని అన్నం తింటా ఉన్నాడు. అతని వెనక గోడకి అదే ఫోటో. అదే తెల్లకోటు, అదే బొట్టు, అదే నవ్వు. ఫోటోకి గంధపుచెక్క దండ వేసి ఉంది. ముందర దీపం వెలుగుతా ఉంది. మాలకొండమ్మ దండ వైపు చూసింది, దీపం వైపు చూసింది, మళ్లా దండ వైపు చూసింది. ఏంది సామీ, ఈమెకి దండేసినారు, అని అడిగింది. అతను ముద్ద మింగి, మేడమ్ పోయి చాలా ఏళ్లయింది గదమ్మా, ఆమె ఇంటివాళ్ల దగ్గర కంపెనీవాళ్లు కొనుక్కున్నారు ఆస్పత్రి, మీకు తెలీదా అన్నాడు. మరి కింద ఫోటోలకి దండల్లేవే సామీ, అంది. ఎంత నెమ్మదిగా అడిగిందంటే అతను తినడం ఆపేశాడంట.

"కింద దండేస్తే కాన్పుకొచ్చేవాళ్లు భయపడరా అమ్మా" అన్నాడంట.

ఆ మాట చెప్పి పెరుగు కలుపుకున్నాడు. చెడ్డోడు కాదు, అడిగిందానికి చెప్పాడు. మాలకొండమ్మ ఎట్టా దిగిందో ఆమెకే తెలీదు. ఎవరో ఒకామె మెట్ల మీద పట్టుకుని కూర్చోబెట్టి నీళ్లిస్తే తాగింది. కూతుర్ని ఇంత దూరం తెచ్చి, అందరితో పంతం పట్టి, చచ్చిపోయిన మనిషి చేతిలో పెట్టాను, అనుకుంది. మొదటిసారి నేనే, రెండోసారీ నేనే. రవణమ్మకి ఏం చెప్తాను, అల్లుడికి ఏం చెప్తాను. ఇప్పుడు వేరేచోటికి ఎత్తుకుపోదామన్నా బిడ్డ దారిలోకి వచ్చేసి ఉంటుంది. మీరే ఆ మెట్ల మీద ఉన్నారనుకోండి, ఏం చేస్తారు.

అప్పుడే కాన్పు గదిలోంచి ఒక చిన్న డాక్టరమ్మ బయటికొచ్చిందంట. పల్చటి పిల్ల, జ్యోతి వయసే ఉంటుంది. మీరు నాగజ్యోతి తల్లిగారా, లోపలికి రండి, మీ అమ్మాయి ముక్కట్లేదు, తిలోత్తమ మేడమ్ వస్తేగానీ ముక్కనని బిగబట్టుకుని ఉంది, ఇట్టా అయితే బిడ్డకి ప్రమాదం, కాస్త చెప్పండి, అంది. మాలకొండమ్మ లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆమె పోయిందని నీకు తెలుసు గదమ్మా, అంది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, తెలుసమ్మా, చెప్తే నన్ను తీసేస్తారు, అంది. మాలకొండమ్మ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. వేళ్లు, అరచెయ్యి తిప్పితిప్పి చూసిందంట, సంతలో గాజులవాడు చూసినట్టు.

"నీ పేరేంది తల్లీ?"

"నస్రీన్ అమ్మా. ఇక్కడ ఎవరూ అడగరు."

లోపలికి పోయినారు. జ్యోతి మొహం నల్లగా కమిలిపోయి ఉంది, దుప్పటి కొస పళ్లతో కరిచిపట్టుకుని ఉంది. తల్లిని చూడగానే దుప్పటి వదిలేసి, వచ్చిందా అమ్మా, అంది. చూడండి, ఇన్నేళ్లూ మాలకొండమ్మ ఊళ్లో ఒక్క అబద్ధం ఆడిందని ఎవరూ అనలేదు. తన కూరలో ఉప్పెక్కువైతే తనే చెప్పే మనిషి. ఆమె ఏమందంటే, వచ్చింది జ్యోతీ, మొహానికి గుడ్డ కట్టుకుని నీ కాళ్ల దగ్గరే ఉంది, ముక్కు తల్లీ, అంది. నస్రీన్ తలెత్తి ఈమె వైపు చూసింది. ఈమె ఆ పిల్ల వైపు చూసింది. జ్యోతి, మేడమ్, మీరేనా, అని అడిగింది. ఆ చిన్నపిల్ల గొంతు బొంగురు చేసుకుని, ఊఁ, నేనే, ముక్కమ్మా, అందంట.

పుట్టింది ఆడపిల్ల. పుట్టి ఏడవలేదు. నస్రీన్ బిడ్డని పక్కకి తీసుకుని గొంతులో గొట్టం పెట్టి లాగింది, వీపు రుద్దింది, అరికాళ్ల మీద కొట్టింది, ఏదో నోట్లో గొణుక్కుంటా మళ్లా రుద్దింది. అప్పుడు ఏడ్చింది చూడండి, కాన్పు గది బయట కూర్చున్న రవణమ్మ లేచి నిలబడిందంట ఆ ఏడుపుకి. జ్యోతి కళ్లు మూసుకుని, నిజమే అమ్మా నువ్వు చెప్పింది, ఆమె చెయ్యి తగలగానే తెలిసింది, అంది. మాలకొండమ్మ అరిసెల సంచి నస్రీన్ చేతిలో పెట్టింది. చీర కూడా పెట్టింది.

పిల్లని ఉయ్యాల్లో వేసే రోజు వచ్చింది. మాలకొండమ్మ కూతుర్ని తన ఊరికి తెచ్చుకుంది. చుట్టాలందరూ వచ్చారు. ఏం పేరు పెడదాం అంటే జ్యోతి, తిలోత్తమ అంది, ఇంకో మాట లేదు, నాకు బిడ్డనిచ్చిన చెయ్యి అంది. అందరూ సరే అన్నారు. రవణమ్మ ఒప్పుకోలేదు. మా ఇళ్లల్లో పోయినోళ్ల పేర్లే పెడతామమ్మా, బతికున్న మనిషి పేరు పసిబిడ్డకి పెడితే ఇద్దరిలో ఒకరికి మంచిది కాదు, ఆ డాక్టరమ్మ నిండు నూరేళ్లు బతకాల, ఆమె పేరొద్దు, అంది. ఆమె అన్నదాంట్లోనూ తప్పులేదు, చెడు కోరి అనలేదు. జ్యోతి మొండికేసింది. రవణమ్మ పట్టు పట్టింది. అల్లుడు మధ్యలో నిలబడి తల్లికి చెప్పలేక, పెళ్లానికి చెప్పలేక ఉన్నాడు. ఉయ్యాల అట్టా గాల్లో ఆగిపోయింది. మాలకొండమ్మ పసుపు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మనసులో ఏముందో గానీ, పేరు కోసం కూతురు ఏడుస్తా ఉంటే చూడలేకపోయిందో, లోపల పెట్టుకున్నది ఇంక మొయ్యలేకపోయిందో.

"ఆమె బతికి లేదులే వదినా," అనేసింది.

అంతా చెప్పింది. దండ సంగతి, పెరుగన్నం తిన్న మనిషి సంగతి, మెట్ల సంగతి. జ్యోతి తల్లి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మరి నా కాళ్ల దగ్గర నిలబడిందెవరమ్మా, నా బిడ్డని ఏడిపించిందెవరు, అని అడిగింది. నస్రీనని చిన్న డాక్టరు, అని చెప్పింది ఈమె. జ్యోతి బిడ్డని ఉయ్యాల్లోంచి తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పుడు రవణమ్మ ఏమందో తెలుసా. పోయిందంటే ఇంకేం, అయితే ఆ పేరే పెట్టండి, అందంట. ఆమె అడ్డం ఆ ఒక్కటే గదా.

కాయితాల్లో తిలోత్తమే పడింది. జ్యోతి తల్లితో చాన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఆస్పత్రికి ఫోను చేసి నస్రీన్ మేడమ్ కావాలని అడిగిందంట. ఆమె మానేసి పోయింది, ఎక్కడికో మాకు తెలీదు, మేడమ్ ఆశీస్సులతో ఇక్కడ అందరూ బాగానే చూస్తారు రండి, అన్నారంట. ఆ ఫోను పెట్టేసిన తర్వాత తల్లితో మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో వాళ్లిద్దరికే తెలియాల. మాలకొండమ్మ మాత్రం మనవరాలిని కాయితంలో పేరుతో పిలవదు. నస్రీనూ, ఇట్టా రావే, అంటుంది వీధిలోకి. రవణమ్మ చూడ్డానికొచ్చినప్పుడు కూడా అట్టనే పిలుస్తుంది. ఆ పిల్ల పలుకుతుంది.

ఇదీ జరిగింది. నమ్మితే నమ్మండి. మా చిన్నకోడలికి ఇప్పుడు ఏడో నెల, వాళ్లూ హైదరాబాదే, అత్తా ఏ ఆస్పత్రికి పోదామని రోజూ ఫోను. మీలో ఎవరికన్నా మంచి డాక్టరు తెలిస్తే చెప్పండి. హస్తవాసి ఎట్టా ఉందని నేను అడగను. బతికుందా అని అడుగుతా, బతికుంటే ఆ రోజు వస్తుందా అని అడుగుతా. నవ్వుతారేందే, ఆ రెండు మాటలు అడిగితే ఎవరూ సూటిగా జవాబు చెప్పడం లేదంట మా కోడలికి.