కడగకూడని పీపా

ఆ నీళ్ల గొట్టం కింద పెట్టు జెమ్మా. పెట్టమంటే పెట్టు. నీళ్లు కట్టేసి రా, ఈ గంప బోర్లించుకుని ఇలా కూర్చో. పొద్దున్నించీ పెద్ద పీపాలన్నీ కడిగావు, చూశాను, అవి కడగాల్సినవే. ఈ చిన్నదాని జోలికి మాత్రం పోకు. లోపల నల్లగా గంజి అడుగంటినట్టుంది కదూ? కంపా? ఉంటుంది మరి. మీ నాయనమ్మ కూడా అచ్చం అదే మాట అంది. ఇదే పీపా, ఇదే గుమ్మం ముందు, ఇలాగే ద్రాక్ష కోతలకి ముందు. ఏం, నీకెవరూ చెప్పలేదా? మీ నాన్న చెప్పడులే, వాళ్లమ్మ మాటెత్తితే వాడు లేచి బయటికెళ్లిపోతాడు. నేను చెబుతా విను.

నొరీనా, అదే మీ నాయనమ్మ, నాకు వదిన, కొండపిల్ల కాదు. కింద ఆర్నో నది పల్లంలో పుట్టింది. మా అన్న నెల్లో ఎద్దుని కొనుక్కొస్తానని పల్లం సంతకి వెళ్లి ఆమెని చూసొచ్చాడు. మా నాన్న, "ఎద్దేదిరా?" అన్నాడు. మా అన్న గడ్డం గీసుకోడానికి వెళ్లిపోయాడు. పల్లంలో మట్టి నల్లటిది, కాలవ నీళ్లు, గుత్తులు బానల్లా వేలాడతాయి. వైన్ మాత్రం పలచన, వేసవి దాటితే పులిసిపోతుంది. తాగేసి పీపా కడిగి ఎండబెట్టుకోవడమే వాళ్ల పద్ధతి. ఇక్కడికొచ్చి మా పొలంలో పైచెక్క చూసి ఆశ్చర్యపోయింది. రేకురేకులుగా ఊడే ఆ రాయి, పార దించితే నిప్పురవ్వలు, "ఇందులో ఏం పండుతుంది మరిదీ?" అంది. మంచు ముందు కరిగేది అక్కడేనమ్మా, అందుకే సాంజొవేజె తీగలు అక్కడ పెట్టాం, ఎర్ర వైన్‌కి. కింద బంకమన్ను చెక్కలో తెల్ల ద్రాక్ష, త్రెబ్బియానో, నాలుగు వరసలు మాల్వాసియా. ఇప్పుడంటే ఇనప తీగలూ సిమెంటు స్తంభాలూ గానీ, అప్పట్లో తీగని మేపుల్ చెట్టు మీదికి పాకించేవాళ్లం. తీగకి చెట్టుతో పెళ్లయిందనేవాళ్లం. నొరీనా నవ్వి, "మా ఊళ్లో అయితే చెట్టు పారిపోయేది" అంది. నవ్వుతూనే ఉండేది అప్పట్లో. మొదటి నెలలు.

ఏం చెబుతున్నానూ... ఆ, ఈ పీపా. విన్ సాంతో, ఆ తియ్యటి వైన్, నీకు తెలుసులే, నువ్వు తాగిందే. తెల్ల ద్రాక్షలో పలచటి గుత్తులు ఏరి, పై అటక మీద దూలాలకి వేలాడదీసి, క్రిస్మస్ పండగలు వెళ్లేదాకా ఎండనిచ్చి, అప్పుడు పిండి, ఈ చిన్న పీపాలో పోసి, మూతికి సిమెంటు పూసి, పెంకుల కిందే వదిలేస్తాం. వేసవిలో అక్కడ మాడిపోవాలి, చలికాలంలో గడ్డకట్టాలి, అలా ఏళ్లకేళ్లు. ఆ రసాన్ని వైన్ చేసేది అడుగున ఉన్న ఈ మడ్డి. తల్లి అంటాం దీన్ని. పాత వైన్ తీసేశాక తల్లిని అలాగే ఉంచి కొత్త రసం పోస్తాం. మా అమ్మమ్మ తన ఇద్దరు కూతుళ్లకీ పెళ్లప్పుడు దుప్పట్లతోపాటు చెరో కూజా మడ్డి ఇచ్చి పంపింది. పెద్దకూతురు మా అమ్మ ఆర్జియా, చిన్నది మా కొరిన్నా పిన్ని. మా అమ్మ తన కూజా మడ్డిని ఇదిగో ఈ పీపాలో పోసింది. ఇంటికి పెద్దవాళ్లొస్తే దీనిలోదే, బిడ్డకి బాప్తిస్మం అంటే దీనిలోదే, పోయేవాళ్ల పెదాలు తడిపేదీ దీనితోనే. మా అన్న పెళ్లికి ఈ పీపా ఖాళీ చేశాం. అడుగున మడ్డి ఒక్కటే మిగిలింది.

ఆ ఏడు కోతల ముందు ఆదివారం. మా అమ్మ చర్చికి వెళ్లింది. నొరీనా ఒక్కతే ఇంట్లో ఉండి, అత్తయ్య వచ్చేసరికి అన్నీ తళతళలాడించాలని పీపాలన్నీ దింపింది. మరుగునీళ్లలో పీచ్ ఆకులు వేసి తోమింది. అటకెక్కి దీన్ని కూడా దింపింది. నేను పొలం నుంచి వచ్చేసరికి ఇది ఆ గోడమీద బోర్లించి ఉంది, చుక్కలు కారుతున్నాయి. నా వెనకాలే మా అమ్మ చర్చి నుంచి వచ్చింది, తలమీద నల్లముసుగు. నొరీనా చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లి, "అత్తయ్యా, ఆ అటకమీది దాంట్లో ఎన్నేళ్ల మురుగో! ఇప్పుడు చూడండి, పాలు పోసుకోవచ్చు" అంది. మా అమ్మ పీపాలో చెయ్యిపెట్టి, చెయ్యి వాసన చూసుకుంది. "ఎక్కడ పోశావు?" అంది. "పెంటకుప్ప మీద." మా అమ్మ వెళ్లి పెంటకుప్ప ముందు నిలబడింది. కోళ్లు అప్పటికే కెలికేశాయి. ముసుగు కూడా తియ్యలేదు. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. తర్వాత లోపలికొచ్చి చిక్కుళ్లు పొయ్యిమీద పెట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సంగతి నేను చెప్పాక నొరీనా పీపాని గోడమీంచి దించి లోపలికి చూసింది. "అది మళ్లీ దొరకదా మరిదీ?" అంది. మడ్డి ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఆ మడ్డి మాత్రం ఇంకొక్కచోటే ఉందన్నాను. ఎదురుకొండ మీద, కొరిన్నా పిన్ని ఇంట్లో. ఆ అక్కచెల్లెళ్లకి మాటల్లేవు. ఎందుకంటావా? వడగళ్లు. ఈ లోయలో వడగళ్లు కత్తితో గీసినట్టు పడతాయి, ఈ పక్క తీగకి ఒక్క ఆకు మిగలదు, ఆ పక్క గుత్తి చెక్కుచెదరదు. ఒక ఏడు మా పొలమంతా వడగళ్లకి నాశనమైపోయింది, పిన్ని వాళ్లకి ఏమీ కాలేదు. చర్చి మెట్లమీద ఎవరో జాలి చూపిస్తుంటే పిన్ని, "ఎవరిమీద పడాలో వడగళ్లకి తెలుసులే" అంది. మా అమ్మ చెవిన పడేలాగే అంది. అంతే, ఆరోజుతో అయిపోయింది. చర్చిలో ఒకరొచ్చి బల్లమీద కూర్చుంటే ఇంకొకరు లేచెళ్లిపోయేవాళ్లు.

నొరీనా మర్నాడే బయల్దేరింది. దారి తెలీదని నేను వెంట వెళ్లాను. పిన్ని గుమ్మంలో చిక్కుడుగింజలు ఒలుస్తోంది. "ఆర్జియా కోడలివా? దారి తప్పావా?" అంది. నొరీనా ఏమీ దాచలేదు, పీచ్ ఆకుల సంగతితో సహా చెప్పింది. పిన్ని నవ్వింది చూడు, కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వింది. "అక్క ఏడ్చిందా?" "లేదు చిన్నత్తయ్యా." "మరేమంది?" "ఏమీ అనలేదు. పెంటకుప్ప దగ్గర నిలబడింది." పిన్ని నవ్వు ఆగిపోయింది. గింజలు పక్కన పెట్టి అటకెక్కింది. తన పీపాకి సిమెంటు పూసి ఎంతోకాలం కాలేదు, ఇప్పుడు తెరిస్తే అందులో ఉన్నదంతా పాడైపోతుంది. తెలిసీ ఆ సిమెంటుని సుత్తితో పగలగొట్టింది. ఆ దెబ్బలు మాకు కిందికి వినపడ్డాయి. కూజాలో మడ్డి తెచ్చి నొరీనా చేతిలో పెట్టి, "నా దగ్గరిదని తెలిస్తే అక్క పందులకి పోస్తుంది. నేనైనా అదే చేస్తా. అక్క బతికుండగా నీ నోట నా పేరు రాకూడదు. ఒరేయ్ ఫోస్కో, నీక్కూడా చెబుతున్నా" అంది. నొరీనా, "మరి ఎక్కడిదని చెప్పను?" అంది. "ఏమీ చెప్పకు. తిట్లు తిను."

తిన్నది, ఆ మడ్డిని ఈ పీపాలో పోసిన రోజే. "ఎవరింటి ఎంగిలే అది, మా అమ్మ మడ్డి ఉన్న పీపాలో పోశావు?" అంది మా అమ్మ. నొరీనా ఖాళీ కూజా కడిగి బోర్లించింది. ఆ తర్వాత మా అమ్మ ఆమెని పేరుపెట్టి పిలవలేదు. "ఆ పల్లపుదాన్ని ఉప్పు తెమ్మను" అని నాతో చెప్పేది, ఆమె పక్కనే ఉండగా. అటక కూడా ఎక్కలేదు. నొరీనా తనే గుత్తులు ఏరింది, తనే వేలాడదీసింది. ఉత్తరపు గాలి తిరిగితే పరుగెత్తి కిటికీ తెరిచేది, సముద్రం వైపు చెమ్మగాలి వస్తే మూసేది, గుత్తికి బూజు పట్టకుండా. కొండపిల్లలు కూడా అంత కాపలా కాయలేదు. రసం పోసి సిమెంటు పూసి కిందికి దిగొచ్చింది. మీ నాన్న పుట్టాడు. బాప్తిస్మంనాడు ఫాదరుగారు ఇంకో ఇంటి విన్ సాంతో తెస్తే మా అమ్మ గ్లాసు పక్కకి జరిపి, "మా ఇంట్లో ఉండేది ఒకప్పుడు" అంది, అందరూ వింటుండగా. నేనిక ఆగలేక నోరు తెరిచాను. బల్లకింద నొరీనా నా పాదాన్ని తొక్కింది. చెప్పేస్తే ఆ పూటతో ఆమె బాధ తీరిపోయేది జెమ్మా. పీపా మాత్రం ఆ సాయంత్రానికే పందుల తొట్టిలో ఉండేది.

తర్వాత ఆ చలికాలం వచ్చింది, ఆలివ్ చెట్లన్నీ చచ్చిపోయిన చలికాలం. కాండాలు తుపాకీ పేలినట్టు పగిలేవి. మా అమ్మకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఫాదరుగారు వచ్చి పోయేవాళ్లకి రాసే నూనె రాసి వెళ్లారు. నొరీనా నాకేసి చూసి, ఉలి తీసుకుని అటకెక్కింది. ఇంకో ఏడాది ఉంచాల్సింది. వైన్ తేనె రంగులో వచ్చింది. చెంచాతో పెదాలు తడిపింది. మా అమ్మ కళ్లు తెరవలేదు, నాలుక మాత్రం కదిలింది. అప్పుడంది, "కొరిన్నా దగ్గరికి వెళ్లావన్నమాట." "అవునత్తయ్యా." "ఏమంది?" "మీకు చెప్పొద్దంది." మా అమ్మ ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు చెప్పలేదు" అంది. పెదాలు తడుపుకుని, "ఇంకో చెంచా పొయ్యి నొరీనా" అంది.

నేను మంచులోపడి ఎదురుకొండకి పరుగెత్తాను. పిన్ని చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. మేం వచ్చేసరికి దుప్పటి మొహం మీదికి లాగేశారు. పిన్ని దుప్పటి తియ్యలేదు. మంచం పక్కన గ్లాసులో అడుగున కొంచెం మిగిలి ఉంటే తీసి తాగింది. ఖాళీ గ్లాసు నొరీనా చేతికిస్తూ, "బాగా వచ్చింది" అంది. నొరీనా ఆ గ్లాసు పట్టుకుని... అంతవరకూ, అన్నేళ్లూ ఎవరిముందూ ఏడవని మనిషి...

ఆ గొట్టం ఇంకా కారుతోంది చూడు. గట్టిగా తిప్పు. ఆ పీపా మూత ఇటివ్వు.