ఏడో స్తంభం

సముద్రం ఒడ్డున పాతబడిన పన్నెండంతస్తుల మేడ. కింద బండ్లు పెట్టుకునే చోట, ఏడో స్తంభం దగ్గర, తొమ్మిదో అంతస్తులో కాపురముండే అక్క, తాపీమేస్త్రీ తమ్ముడు. పొద్దున్న పది గంటలు.

"అది కాదురా, మా ఇల్లు కొనేవాళ్ళు నిన్ను అడిగేది ఒక్కటే ముక్క. బాగుందా, లేదా. నువ్వేమో పురాణం ఎత్తుకుంటావు."

"ఒక్క ముక్కలో తేలేదానికి నన్నెందుకు పిలిచావు అక్కా? కాస్త పక్కకి జరుగు, వెలుతురు పడనీ. ఆ సంచి కింద పెట్టరాదూ, భుజం లాగేస్తుంది."

"నా సంచి నాకేం బరువు కాదులే. నువ్వు చూడు."

"చూస్తున్నా. గాజు పట్టీ నిలిచే ఉంది."

"ఉందా?"

"రోజూ ఇటే కదా పోతావు, చూళ్ళేదూ?"

"నాకేం తెలుస్తాయిరా ఇవన్నీ. సరే, కొనడానికొచ్చే ఆ నర్సమ్మకి ఏం చెబుతావో ఒకసారి చెప్పు. నేనే నర్సమ్మననుకో."

"అమ్మా, ఈ స్తంభానికి బీట ఉంది. మూడు నెలల కిందట బీటకి అడ్డంగా ఈ గాజు పట్టీని తెల్లపొడి ముద్దతో అతికించి, తేదీ వేశాను. స్తంభం వెంట్రుకవాసి కదిలినా గాజు ఊరుకోదు, పుటుక్కున పగులుతుంది. పగల్లేదు. అంటే ఇది పాత బీట. చచ్చిన బీట."

"ఆ చచ్చిన మాట తీసెయ్. గాలి సంగతి చెప్పు. కిటికీ తీస్తే ఫ్యాను అక్కర్లేదని, మంచం మీద నుంచే పడవలు కనిపిస్తాయని..."

"గాలి సంగతి నేను చెప్పాలా, ఆవిడకి ముక్కు లేదూ? ఆ గాలే కదా కొంప ముంచుతోంది. ఉప్పుకి లోపలి ఇనుము ఉబ్బి, మీ బాల్కనీ పాము కుబుసం విడిచినట్టు పెచ్చులు లేస్తోంది."

"అది పైపైదే అన్నావుగా మొన్న."

"పైపైదే. మరి లిఫ్టు?"

"లిఫ్టుకేం?"

"ఏమా? పోటు వచ్చినప్పుడల్లా లిఫ్టు గుంటలో నీళ్ళూరుతున్నాయి. ఆగిపోయి ఎనిమిది నెలలు. చెప్పాలా వద్దా?"

"మొన్న వాళ్ళు మెట్లెక్కే వచ్చార్రా. ఆ నర్సమ్మ నవ్వుకుంటూ ఎక్కింది. కాళ్ళున్నవాళ్ళకి మెట్లొక లెక్కా?"

"సగం ఇళ్ళకి తాళాలు."

"గోల ఉండదు. హాయిగా నిద్ర పడుతుంది."

"నువ్వు ఎండమావిని కూడా బిందెల్లో పోసి అమ్మేస్తావే అక్కా."

"అమ్మకపోతే ఏం చెయ్యమంటావు? పక్షవాతం వచ్చాక మీ బావ నేల మీద కాలు పెట్టిందే లేదు. మొన్న ఆయాసం ఎక్కువైతే డాక్టరు కింద నుంచే ఫోనులో మందు చెప్పి పోయాడు. మోసేవాళ్ళని పిలిస్తే, ఆరో అంతస్తు మలుపులో కుర్చీ తిరగలేదు. భారీ మనిషి, మా వల్ల కాదమ్మా అని మళ్ళీ పైకి మోసుకెళ్ళి పడుకోబెట్టారు. ఆ మలుపులో ఆయన నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"వద్దులే. అది విని నువ్వేం చేస్తావు."

"మా ఇంటికి తెచ్చెయ్యమన్నాగా ఎప్పుడో."

"మీ ఇల్లు డాబా మీద గది. దానికి ఇనుప నిచ్చెన. తొమ్మిదంతస్తులు దించి నిచ్చెనెక్కించనా? నేలమీద ఇల్లు ఒకటి చూశాను. రెండు గదులు, ముందు ఇంత జాగా. రేపటిలోగా తేల్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇది అమ్ముడుపోతేనే అది. ఆ నర్సమ్మ ఏమందో తెలుసుగా. ఇళ్ళ సంగతి నాకేం తెలుసండీ, మీ తమ్ముడు మేస్త్రీ కదా, ఆయన మాట చాలు అంది."

"అదే నాకు భయం. వాళ్ళకి పిల్లలున్నారా?"

"ఎవరికి?"

"నర్సమ్మకే."

"ఉన్నారు. కవలలు."

"ఎంతుంటారు?"

"అదంతా నీకెందుకురా."

"అడిగాను, అంతే. అక్కా, ఈ తేదీలో ఏడు చూడు. నేను ఏడుకి ఇలా తోక వెయ్యను."

"తడికి రంగు కారుంటుంది."

"కారితే కిందికి కారాలి గానీ పైకి ఎగబాకుతుందా?"

"పలక మీద చెయ్యి పట్టుకుని నీ చేత అంకెలు దిద్దించింది నేను. నీ ఏడు నాకు తెలీదూ? అది నీదే."

"నాదే అయుంటుందిలే. సరే, విను. నేనైతే ఈ కొంపలోకి రాను. లిఫ్టు సంగతీ, బాల్కనీ సంగతీ దాచను. కానీ స్తంభం నిలబడిందా అంటే, నిలబడింది అంటాను. నా నోరు అబద్ధమాడినా గాజు ఆడదు."

"ఆ మాట చాలు నాన్నా. ఆ ఒక్క మాట వాళ్ళ ముందు అను. ఇదుగో, ఫోను... ఆఁ చెప్పమ్మా. ఆఁ, ఉన్నాడు, మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. మెల్లగా రండి... పావుగంటలో వచ్చేస్తారట. పిల్లల్ని కూడా తెస్తున్నారు, సముద్రం చూపించడానికి."

"మంచిదే. ఏమిటా చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"టిక్కుమంది. ఇక్కడే. అక్కా, గాజు... చూడు, నిలువునా పగిలింది. ఇప్పుడే, నా కళ్ళ ముందే."

"అరవకు."

"అరవకేంటి? స్తంభం కదులుతోందే. వాళ్ళని రావద్దను. పైన బావ ఒక్కడే ఉన్నాడు, నేను మావాళ్ళని నలుగుర్ని..."

"నలుగురూ దించి ఎక్కడ పెడతారు? రోడ్డు మీదా? ఈ సంచి పట్టుకో. అడుగున తెల్లపొడి పొట్లం, నీళ్ళసీసా ఉన్నాయి. గుడ్డలో గాజు ఉంది, తేదీ కూడా వేసే ఉంచాను. ఈసారికి నువ్వు అతికించరా. నాలుగుసార్లు అతికించాను, నీ అంత నున్నగా రావట్లేదు."