కదిలిన ప్లేటు

నందివాడలో నాలుగేళ్ల పాప జ్వరంతో తెల్లవారుజామున పోయింది. ఒక్క ఫొటో అయినా మిగలాలని తండ్రి కబురుపెడితే, బందరు నుంచి ఫొటోగ్రాఫరు వచ్చాడు. తెల్లగౌను తొడిగి పాపను వసారాలో కుర్చీలో ఆనించి కూర్చోబెట్టారు. పెట్టెలో ఉన్న రెండు లెన్సుల్లో ఏది తీయాలో తోచక అతని చేయి ఆగిపోయింది.

“ఏది పెడతారు అన్నయ్యగారూ?” అంది తల్లి.

“ఇదమ్మా. దీంతో కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుస్తాయి.”

“క్రిస్మస్‌కి పాపను మీ స్టూడియోకి తెచ్చినప్పుడు పెట్టింది ఇదేనా?”

“ఇదేనమ్మా. దీనికి వెలుతురు చాలాసేపు కావాలి. అంతసేపూ కదలకూడదు.”

“మీరు బతిమాలారు. వాళ్ల నాన్నగారు కసిరారు. అయినా తల తిప్పేసింది.”

“చిన్నపిల్ల కదమ్మా. వచ్చే ఏటికి కాస్త కుదురొస్తుంది, అప్పుడు తీద్దామన్నాను.”

“ఇప్పుడు కుదురుగానే ఉందిగా.”

అతను కెమెరా మీది నల్లగుడ్డ కింద తల దూర్చాడు. కెమెరా వెనక అద్దం మీద పాప తలకిందులుగా, ముంగురులతో సహా, ఎంతో స్పష్టంగా కనిపించింది.

“అన్నయ్యగారూ, ఆ రోజు చెడిపోయిన ఫొటో గాజుప్లేటు పారేశారా?”

“లేదమ్మా, ఉంది. కానీ అందులో ముఖం నిలవలేదు. పొగలా చెదిరిపోయింది.”

“అదే అచ్చు వేసివ్వండి. ఇది తీయొద్దు.”

“ఎవరూ గుర్తుపట్టలేరమ్మా.”

“నేను పడతాను. అందులో మా పిల్ల కదుల్తోంది.”